వికీపీడియాలో పొరపాటుకు ఉన్న చోటు

స్వచ్ఛందంగా, ఉమ్మడిగా సాగే పనిలో పొరపాట్లు దొర్లక మానవు. వాటిని సహించడం ఎంత అవసరమో వికీపీడియా చరిత్ర స్పష్టంగా చూపుతుంది. జిమ్మీ వేల్స్, లారీ శాంగర్‌లు 2000లో ప్రారంభించిన న్యూపీడియా అనే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ప్రతి వ్యాసమూ నిపుణుల ఏడంచెల పరిశీలన దాటిన తరువాతనే వెలువడాలన్న నియమం ఉండటంతో, ఏడాది గడిచినా పూర్తయిన వ్యాసాలు అతి స్వల్పమే. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఆ క్రమాన్ని తిరగవేసి, ముందు రాయడానికీ తరువాత దిద్దడానికీ అందరికీ అవకాశమిచ్చింది. ప్రతి మార్పునూ భద్రపరచే 'పేజీ చరిత్ర' ద్వారా పాత కూర్పును ఎప్పుడైనా పునరుద్ధరించవచ్చు కనుక, అక్కడ చాలా పొరపాట్లు సులువుగా సరిదిద్దదగినవే.

వికీపీడియన్లు దుశ్చర్యను, అంటే బుద్ధిపూర్వకంగా వ్యాసాన్ని పాడుచేయడాన్ని, తెలియక చేసిన తప్పు నుంచి వేరుచేసి చూస్తారు. దురుద్దేశానికి స్పష్టమైన ఆధారం లేనంతవరకు ఎదుటివారిది సదుద్దేశమేనని భావించాలన్నది వారి మౌలిక మార్గదర్శకాలలో ఒకటి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో కొత్త వాడుకరి మూలాలు చూపకుండా రాసినా, పత్రికలోని పేరాను యథాతథంగా ఎక్కించినా, అది చాలాసార్లు నియమాలు తెలియకపోవడమే. కాపీహక్కులను ఉల్లంఘించే పాఠ్యాన్ని, జీవించి ఉన్న వ్యక్తుల గురించిన ఆధారం లేని ఆరోపణలను వెంటనే తొలగించవలసిందే. అయితే తొలగించినవారు కారణాన్ని వాడుకరి చర్చా పేజీలో మర్యాదగా వివరించడం కూడా అంతే అవసరం. సహనం చూపవలసినది మనిషి పట్ల గాని, తప్పుడు సమాచారం పట్ల కాదు.

ఈ సహనం లోపిస్తే కలిగే నష్టాన్ని 2013లో వెలువడిన ఒక పరిశోధన వెల్లడించింది. ఇంగ్లీషు వికీపీడియాలో 2007 తరువాత క్రియాశీల రచయితలు తగ్గడానికి, సదుద్దేశంతో వచ్చిన కొత్తవారి మార్పులు ఎక్కువగా తిరస్కరణకు గురికావడం ఒక ముఖ్య కారణమని, ఇందులో యాంత్రిక ఉపకరణాల పాత్ర కూడా ఉందని అది తేల్చింది. నిత్యం పనిచేసేవారు తక్కువగా ఉండే తెలుగు వంటి భాషలలో ఒక్కరు నిరుత్సాహంతో వెనుదిరిగినా ఆ లోటు పూడ్చడం కష్టం. వివరించి చెప్పినా అదే తప్పును పదేపదే చేసేవారిని నిరోధించే అధికారం నిర్వాహకులకు ఉండనే ఉంది. ఆ అధికారం న్యాయమైనదిగా అందరికీ తోచాలంటే, దానికి ముందు ఓపికగా నేర్పే ప్రయత్నం జరిగి ఉండాలి.