శిష్యుని పక్షాన నిలిచిన గురువు

కళాశాల అధ్యక్షుల గొప్పతనాన్ని కట్టించిన భవనాలను బట్టి లెక్కించడం లోకరీతి. డాక్టర్ బెంజమిన్ మేస్ గొప్పతనం మాత్రం ఆయన శిష్యులలో కనిపిస్తుంది. అమెరికాలోని అట్లాంటా నగరంలో నల్లజాతి యువకుల చదువుకు ఆలవాలమైన మోర్‌హౌస్ కళాశాలకు ఆయన 1940 నుంచి 1967 వరకు అధ్యక్షులు.

మేస్ 1894లో దక్షిణ కరోలినా రాష్ట్రంలో ఓ కౌలు రైతు ఇంట ఎనిమిదో సంతానంగా జన్మించారు. తల్లిదండ్రులిద్దరూ బానిసలుగా పుట్టినవారే. తుపాకులు పట్టిన తెల్లవారి గుంపు తన తండ్రి చేత టోపీ తీయించి దండాలు పెట్టించడం ఆయన నాలుగేళ్ల వయసులోనే చూశారు. అక్కడ నల్లపిల్లల బడి ఏడాదికి నాలుగు నెలలే నడిచేది. పొలం వదిలి పైచదువుకు వెళ్తానంటే తండ్రి ససేమిరా అన్నాడు. తల్లి మాత్రం కొడుకు కోసం దేవుణ్ణి వేడుకుంది. పట్టుదలతో చదివి 1920లో బేట్స్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. 1935లో షికాగో విశ్వవిద్యాలయం డాక్టరేట్ సంపాదించారు.

1937 జనవరిలో మైసూరులో జరిగిన వై.ఎం.సి.ఏ. ప్రపంచ మహాసభకు మేస్ వచ్చారు. ఆ ప్రయాణంలోనే గాంధీజీని కలిసి అహింస గురించీ, కులవ్యవస్థ గురించీ ప్రశ్నలడిగారు. మైసూరు సమీపంలోని ఓ హరిజన పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచిస్తే తమ దేశంలో తన బతుకూ అదేనని ఆయనకు తోచింది.

మోర్‌హౌస్‌లో మేస్ ఫీజు బకాయిల విషయంలో మహా కఠినులు. విద్యార్థులు చాటుగా ‘బక్ బెన్నీ’ అనేవారు. బక్ అంటే వాడుకలో డాలరు! అయినా మంగళవారం ప్రార్థనా మందిరంలో ఆయన ప్రసంగాలను శ్రద్ధగా వినేవారు. అలా విన్నవారిలో 1944లో పదిహేనో ఏట చేరిన మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు.

1956లో మాంట్‌గొమెరీ బస్సుల బహిష్కరణ ఉద్యమంలో కింగ్ ఇంటిపై బాంబు పడింది. అరెస్టు కూడా తప్పని స్థితి. కొడుకును తిరిగి అక్కడికి పోనివ్వరాదని తండ్రి అట్లాంటాలో పెద్దలను పిలిపించారు. చాలామంది తండ్రి మాటకే తల ఊపారు. సహచరులను విడిచి ఇక్కడ ఉండలేనని కింగ్ అన్నప్పుడు ఆయన పక్షాన గట్టిగా నిలిచినవారు మేస్. ప్రాణభయం ఆయనకు తెలియనిది కాదు. తండ్రి కాదన్న దారిలో నడవడమంటే ఏమిటో కూడా ఆయనకు తెలుసు.

ఇద్దరిలో ఎవరు ముందుపోతే రెండోవారు అంతిమ ప్రసంగం చేయాలని గురుశిష్యులు అనుకున్నారు. 1968 ఏప్రిల్ 9న, 73 ఏళ్ల గురువు 39 ఏళ్ల శిష్యునికి ఆ మాట చెల్లించవలసి వచ్చింది.

అప్పటికే పదవీ విరమణ చేసినా మేస్ ఇంట కూర్చోలేదు. 1970 నుంచి 1981 వరకు అట్లాంటా విద్యామండలికి అధ్యక్షత వహించారు. నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో చదువుకునే ఏర్పాటు కోసం పాటుపడ్డారు. 1984లో కన్నుమూశారు.