రీల్ ఆగదెందుకు?

ఒక్కటే చూసి పెట్టేద్దామని ఫోన్ తీస్తాం. అమ్మ అన్నానికి మూడోసారి పిలిచినా బొటనవేలు జరుగుతూనే ఉంటుంది. ఎందుకు? ఆ వరసకు చివరంటూ లేదు మరి! ఒకప్పుడు వెబ్‌సైట్లలో పేజీ అయిపోయేది, తర్వాతి పేజీకి మళ్లీ నొక్కాల్సి వచ్చేది. 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ అడ్డు తీసేశాడు. తర్వాత తనే బాధపడ్డాడనుకోండి. రీల్స్, షార్ట్స్ నడిచేది ఈ పద్ధతిలోనే.

పైగా ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో యాప్ లెక్క పెట్టుకుంటుంది, లైక్ కొట్టకపోయినా సరే. భయపెట్టే వీడియోను నోరు తెరుచుకుని చివరిదాకా చూశారా, అలాంటివే ఇంకో నాలుగు దిగుతాయి. మీది ఇష్టమో భయమో దానికి తెలీదు. చటుక్కున దాటేయండి, లేదా 'నాట్ ఇంట్రెస్టెడ్' నొక్కండి.

వీడియో పెట్టడం ఇంకో కథ. ఇంటి ముందు చేసిన ఇరవై సెకన్ల డాన్సులో యూనిఫాం మీది బ్యాడ్జి, వెనక స్కూల్ బస్సు, గేటు మీద ఇంటి నంబరు కనిపిస్తే చిరునామా చెప్పేసినట్టే. ఇన్‌స్టాగ్రామ్‌లో 13 ఏళ్లు నిండనిదే ఖాతా ఉండకూడదు. 2024లో అది తెచ్చిన టీన్ అకౌంట్లు మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి. పుట్టిన సంవత్సరం తప్పు వేస్తే ఆ రక్షణ చేజేతులా వదులుకున్నట్టు.

ముక్కూమొహం తెలియనివాళ్లు 'భలే చేశావ్, ఫొటో పంపు, ఇంట్లో చెప్పకు' అంటే ఆ చివరి మాట దగ్గరే అనుమానించాలి. స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ చేసి, ఇంట్లో చూపించండి. తిడతారని భయమా? పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, 24 గంటలూ పలుకుతారు.