మీకు తెలుసా? కొండలూ కోనలూ కెమెరాలూ

కొత్తగా కెమెరా కొనేవాళ్లు మొదట అడిగేది ‘ఏ కంపెనీది మంచిది?’ అని. ప్రకృతి దృశ్యాలు తీయాలనుకునేవాళ్లు అంతకన్నా ముందు తెలుసుకోవాల్సింది వెలుగు గురించి. అది ఎప్పుడొస్తుందో, ఎటునుంచి వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలిస్తే ఏం కొనాలో, ఏం కొనక్కర్లేదో తేల్చుకోవడం సులువు. రెండు వందల ఏళ్ల చరిత్రలోంచి, కాస్త సైన్సులోంచి ఏరిన సంగతులివి.

తొలి ఫొటో మనిషిది కాదు

కెమెరాతో తీసినవాటిలో నేటికీ మిగిలి ఉన్న అతి పాత ఫొటో ఒక దృశ్యం. ఫ్రాన్స్‌లో జోసెఫ్ నిసెఫోర్ నియెప్స్ 1826-27 ప్రాంతంలో తన ఇంటి పైగది కిటికీలోంచి దాన్ని తీశాడు. తగరం ఎక్కువగా ఉండే ప్యూటర్ అనే లోహపు పలకకు ఒక రకం తారు పూసి కెమెరాలో పెట్టాడు. ఎండ తగిలిన చోట తారు గట్టిపడింది. మిగతాది కడిగితే పోయింది. ఇందుకు కనీసం ఎనిమిది గంటలు పట్టిందని అంచనా. ఈలోగా సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడవడంతో భవనాలకు రెండు వైపులా ఎండ పడినట్టు కనిపిస్తుంది. ఆ పలక ఇప్పుడు అమెరికాలో, టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో భద్రంగా ఉంది.

18,600 అడుగుల ఎత్తున గాజు పలకలు

ఇంగ్లండ్ నుంచి 1863లో మన దేశానికొచ్చిన శామ్యూల్ బోర్న్ మూడుసార్లు హిమాలయ యాత్రలు చేశాడు. 1866లో దాదాపు 18,600 అడుగుల ఎత్తున్న మణిరంగ్ కనుమ దగ్గర ఫొటోలు తీశాడు. అప్పటి పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. అంటే చీకటి గుడారం, సీసాలు, పెట్టెలు, నీళ్లు అన్నీ కొండెక్కాల్సిందే. వాటిని మోసింది పదుల సంఖ్యలో కూలీలు. ఆ ఫొటోల కింద బోర్న్ పేరే ఉంటుంది కానీ, వాటిలో ఆ కూలీల కష్టమూ ఉంది.

బరువు మోయలేక పుట్టిన చిన్న కెమెరా

జర్మనీలోని వెట్జ్‌లర్ పట్టణంలో ఆస్కార్ బార్నాక్ అనే మెకానిక్ ఉండేవాడు. కొండల్లో తిరుగుతూ దృశ్యాలు తీయడం ఆయన సరదా, ఉబ్బసం ఆయన జబ్బు. పెద్ద కెమెరా, బరువైన పలకలు మోస్తూ ఎక్కడం ఆయన వల్ల కాలేదు. దాంతో సినిమా ఫిల్మును వాడుకునే బుల్లి కెమెరాకు 1913-14లో నమూనా తయారుచేశాడు. సినిమా ఫ్రేము 18×24 మిల్లీమీటర్లు. ఫిల్మును అడ్డంగా నడిపి దాన్ని రెట్టింపు చేస్తే 24×36 అయింది. 1925లో ఆ కెమెరా ‘లైకా’ పేరుతో బజారులోకి వచ్చింది. నేడు మనం ‘ఫుల్ ఫ్రేమ్’ అంటున్న కొలత అదే.

కెమెరా ఎంచుకునేటప్పుడు బార్నాక్‌ను గుర్తుపెట్టుకోండి. లెన్సులు, ట్రైపాడ్, నీళ్ల సీసాతో సహా బ్యాగు భుజాన వేసుకుని గంటసేపు నడవగలరా? నడవలేకపోతే ఆ కెమెరా ఎంత గొప్పదైనా బీరువాలోనే ఉండిపోతుంది.

ఫుల్ ఫ్రేమ్ తప్పనిసరేమీ కాదు

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్‌ది సుమారు 367. వెలుగు తక్కువున్నప్పుడు, ముఖ్యంగా రాత్రి పాలపుంతను తీసేటప్పుడు పెద్ద సెన్సర్ ఉపయోగం బాగా తెలుస్తుంది. ఉదయపు వెలుగులో ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ 100 దగ్గర తీసి, మామూలు సైజులో ప్రింటు వేయించుకుంటే మాత్రం రెండింటి మధ్య తేడా పట్టుకోవడం కష్టం. ఏపీఎస్-సీ మీద 16 మిల్లీమీటర్ల లెన్స్ చూపే మేర, ఫుల్ ఫ్రేమ్ మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ చూపే మేర దాదాపు ఒకటే.

మెగాపిక్సెళ్ల లెక్క

4కే టీవీ తెర మీద పట్టే చుక్కలు 83 లక్షలు, అంటే 8.3 మెగాపిక్సెళ్లే. 12×18 అంగుళాల ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున వేయాలంటే 19.4 మెగాపిక్సెళ్లు చాలు. ఇంకో లెక్క కూడా ఉంది. ప్రింటు పొడవు, వెడల్పు రెండూ రెట్టింపు కావాలంటే పిక్సెళ్లు నాలుగింతలు కావాలి. 24 నుంచి 33కు పెరిగినంత మాత్రాన గోడ మీద బొమ్మలో వచ్చే మార్పు స్వల్పం.

పాత లెన్సులు కొత్త కెమెరాకు

లెన్స్ బిగించే చోటు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో 46.5 మిల్లీమీటర్లు. నికాన్ జెడ్ మిర్రర్‌లెస్‌లలో 16. కెనాన్‌లో ఈ లెక్క 44, 20. మధ్యలో అద్దం తీసేయడంతో ఆ చోటు మిగిలింది. అందువల్ల పాత డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సును అడాప్టర్ సాయంతో మిర్రర్‌లెస్ బాడీకి తగిలించవచ్చు. మిర్రర్‌లెస్ లెన్సును డీఎస్‌ఎల్‌ఆర్‌కు తగిలించడం మాత్రం కుదరదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకు ఇది డబ్బు మిగిల్చే సమాచారం. దృశ్యాలకు మెరుపు వేగంతో ఫోకస్ అక్కర్లేదు కాబట్టి పాత మాన్యువల్ లెన్సులూ పనికొస్తాయి. కొనేముందు లెన్సును టార్చి వెలుగులో చూసి, లోపల సాలెగూడులాంటి ఫంగస్ పోగులు లేవని నిర్ధారించుకోండి.

ఎఫ్/22 అంటే అంతా స్పష్టం అనుకోవద్దు

ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు దూరే రంధ్రం, ఎంత చిన్నదైతే దగ్గరి రాయి నుంచి దూరపు కొండ దాకా అంత స్పష్టంగా వస్తుందనేది సగం నిజం. రంధ్రం మరీ చిన్నదైతే వెలుగు దాని అంచుల దగ్గర వంగి చెదురుతుంది. ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర ఆగి, ఫోకస్ ఎక్కడ పెట్టాలో తెలుసుకుంటే మేలు. ఉదాహరణకు ఫుల్ ఫ్రేమ్ మీద 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్/8. సుమారు 2.4 మీటర్ల దూరంలో ఫోకస్ పెడితే 1.2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా ఆమోదించదగ్గ స్పష్టత వస్తుంది. ఇది కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో కూడా సాధ్యమే.

కంప్యూటర్ చేయలేని పని చేసే ఫిల్టర్

వాన వెలిశాక అడవి పచ్చగా ఉంటుంది కానీ ఫొటోలో ఆకులు తెల్లగా మెరుస్తాయి. ఆ మెరుపు ఆకు మీద ప్రతిబింబించిన ఆకాశం. పొలరైజర్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పితే ఆ మెరుపు తగ్గి కింది పచ్చదనం బయటపడుతుంది. చెరువు నీళ్లలో అడుగున ఉన్న రాళ్లు కూడా ఇలాగే కనిపిస్తాయి. మెరుపు కింద దాగి, సెన్సర్ దాకా రాని వివరాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో రాబట్టలేం.

ఈ ఫిల్టర్‌తో ఆకాశం నీలిమ బాగా చిక్కబడేది సూర్యుడికి 90 డిగ్రీల కోణంలో. చూపుడువేలు సూర్యుడి వైపు పెట్టి, బొటనవేలిని దానికి నిలువుగా చాపి చెయ్యి తిప్పండి. బొటనవేలు చూపే దిక్కులన్నీ ఆ కోణంలోవే. మరీ వెడల్పు లెన్సులతో ఆకాశం ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా పడుతుంది, చూసుకోవాలి.

జలపాతం పాలధారగా మారేదెలా?

పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) వెలుగును సుమారు వెయ్యో వంతుకు తగ్గిస్తుంది. సెకనులో 30వ వంతు చాలిన చోట 30 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచవచ్చు. అలలు మంచులా, మబ్బులు చారలుగా మారేది దీనితోనే. కుంటాల, బొగత లాంటి జలపాతాలకు అంత గట్టి ఫిల్టర్ అక్కర్లేదు. మబ్బు పట్టిన పూట అర సెకను నుంచి ఒక సెకను ఉంచితే నీటి ధారల ఆకారం చెడకుండా మెత్తదనం వస్తుంది. ఇందుకు పొలరైజర్ ఒక్కటే సరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి.

ట్రైపాడ్ వాడకంలో చిన్న కిటుకులు

ముందు లావు కాళ్లు సాగదీయండి, సన్నవి ఆఖరున. మధ్య కడ్డీ ఎత్తితే ఊపు పెరుగుతుంది, వీలైనంత దించే ఉంచండి. రెండు సెకన్ల టైమర్ పెడితే వేలి కదలిక ఫొటోలో పడదు. విశాఖ, సూర్యలంక లాంటి తీరాల్లో అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతుంది. ముందే కాళ్లను ఇసుకలోకి గట్టిగా దింపాలి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే ఉప్పు ఆ కీళ్లను తినేస్తుంది.

మన దగ్గర సంధ్య త్వరగా ముగుస్తుంది

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు నిట్టనిలువుగా దిగుతాడు. తెలుగు రాష్ట్రాల్లో సూర్యాస్తమయం తర్వాత సందెవెలుగు 22 నుంచి 25 నిమిషాలే. జూన్‌లో లండన్‌లో అది ముప్పావు గంట దాకా ఉంటుంది. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోనైతే జూన్ నడిరాత్రి కూడా పూర్తిగా పోదు. విదేశీ ఫొటోగ్రాఫర్లు ‘తీరిగ్గా చోటు వెతుక్కోండి’ అని చెప్పే సలహా మనకు పనికిరాదు. గండికోటలో పెన్నా లోయ అంచున తెల్లవారు వెలుగు కావాలంటే, ఎక్కడ నిలబడాలో ముందురోజు సాయంత్రమే చూసుకోవాలి. వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం కావాలంటే చీకటితోనే ఎక్కాలి.

ఇంకో వింత: అస్తమించే సూర్యుడి కింది అంచు దిగంతాన్ని తాకినట్టు కనిపించే వేళకు, లెక్క ప్రకారం సూర్యబింబం అప్పటికే కిందికి దిగిపోయి ఉంటుంది. గాలి వెలుగును వంచి మనకింకా చూపిస్తుంది.

చందమామే లైట్ మీటర్

1941లో అమెరికాలోని న్యూ మెక్సికోలో కారులో వెళ్తున్న ఆన్సెల్ ఆడమ్స్‌కు హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయం కనిపించింది. శ్మశానంలోని తెల్లటి శిలువల మీద చివరి ఎండ పడుతోంది. హడావుడిలో వెలుగును కొలిచే లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకు అంకెతో సహా గుర్తుంది. దాన్నిబట్టి ఎక్స్‌పోజర్ లెక్కకట్టి ఒక్క ఫొటో తీశాడు. రెండోదానికి సిద్ధమయ్యేలోగా ఎండ పోయింది. ఆ ఒక్కటే ప్రపంచ ప్రసిద్ధమైంది.

మనం కూడా గుర్తుంచుకోదగ్గ లెక్కలు రెండు. నిండు ఎండలో ఎఫ్/16, ఐఎస్ఓ 100, షట్టర్ సెకనులో 100వ వంతు. నిండు చంద్రుడికి ఎఫ్/11, మిగతావి అవే. చంద్రుడి నేల మీద పడేదీ ఎండే కాబట్టి రెండు లెక్కలూ అంత దగ్గరగా ఉంటాయి.

కోట్ల తెరల మీది పచ్చ కొండ

విండోస్ ఎక్స్‌పీ తెర మీద కనిపించిన పచ్చటి గుట్ట, నీలాకాశం నిజమైనవే. 1996 జనవరిలో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో రోడ్డు పక్కన కారాపి చార్లెస్ ఓరియర్ ఫిల్ముతో తీశారు. అక్కడ మామూలుగా ద్రాక్షతోటలుంటాయి. చీడ పట్టి తీగలు పీకేయడంతో ఆ కొన్నాళ్లు నేల గడ్డితో నిండింది, చలికాలపు వానలకు పచ్చబడింది. తర్వాత మళ్లీ ద్రాక్ష వేశారు. మీ ఊరి చెరువుగట్టు కూడా ఏడాదికి ఒక్కసారే అలా కనిపించే రోజు ఉండొచ్చు. దూరప్రయాణాలకన్నా దగ్గరి చోటుకు పదేపదే వెళ్లడం ఎక్కువ ఫలితమిస్తుంది.

సికింద్రాబాద్ స్టూడియో రాజా

నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ చదివింది రూర్కీలో ఇంజినీరింగ్. ఇందోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగం చేస్తూ 1870ల్లో సరదాగా కెమెరా పట్టారు. ఆ సరదాయే తర్వాత సికింద్రాబాద్‌లో స్టూడియో అయింది. ఉద్యోగం చేసుకుంటూ సెలవుల్లో తిరిగే నేటి హాబీ ఫొటోగ్రాఫర్లందరికీ ఆయన పెద్దన్న.

కెమెరాకు మన వాతావరణమే శత్రువు

గాలిలో తేమ ఎక్కువున్న కోస్తాలో లెన్సు లోపల ఫంగస్ పుడుతుంది. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా డ్రై క్యాబినెట్‌లోనో, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలోనో పెట్టండి. తోలు సంచిలో నెలల తరబడి ఉంచొద్దు. బియ్యంలో పెడితే పిండి దుమ్ము చేరుతుంది. ఏసీ గదిలోంచి ఉక్క గాలిలోకి వెళ్లగానే అద్దం మీద ఆవిరి పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా కాసేపు బయట ఉంచాక కెమెరా తీయండి.

ఏది ముందు కొనాలి?

చేతిలో ఉన్న ఫోనుతోనో పాత కెమెరాతోనో ఒక ఏడాది తీయండి. తర్వాత కొనాల్సింది గట్టి ట్రైపాడ్. ఆపై పొలరైజర్, మంచి లెన్స్. కొత్త బాడీ ఆఖరున. ఫొటోలను రా ఫార్మాట్‌లో దాచండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. తెల్లబోయిన ఆకాశాన్ని, నల్లబడిన కొండను కొంతవరకు సరిదిద్దే వీలు అందులోనే ఎక్కువ.

ఫొటోలు కాపాడిన లోయ

1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ 18×22 అంగుళాల గాజు పలకలతో యోసెమిటీ లోయను తీశాడు. ఆ లోయను ఎన్నడూ చూడని వాషింగ్టన్ పెద్దలకు ఆ ఫొటోలు దాన్ని చూపించాయి. 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఆ లోయను ప్రజల కోసం పరిరక్షించే చట్టం మీద సంతకం చేశాడు. విలియం హెన్రీ జాక్సన్ 1871లో తీసిన ఫొటోలు ఎల్లోస్టోన్ మరుసటి ఏడాదే జాతీయ పార్కు కావడానికి తోడ్పడ్డాయి.

మనకూ అలాంటి అవసరం ఉంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టలకు 250 కోట్ల ఏళ్ల వయసు. నగరం పెరిగేకొద్దీ వాటిలో ఎన్నో పేలుడు మందుకు బలయ్యాయి. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందినా, తవ్వకాల భయం వాటిని వీడలేదు. మీకు దగ్గరలోని ఒక గుట్టనో వాగునో ఎంచుకుని, ఏటా అదే చోట నిలబడి, అదే వైపు తిరిగి ఫొటో తీయండి. తేదీ, చోటు రాసి అసలు ఫైళ్లు దాచండి. ఎవరైనా ‘ఇక్కడ మొదటినుంచీ ఏమీ లేదు’ అన్న రోజున మీ ఫొటో సాక్ష్యం చెబుతుంది.