ఒకే పట్టికలో పిల్లల పుస్తకం, పెద్దల పుస్తకం

కుటుంబంలోని వారంతా ఒక గడువు పెట్టుకొని, ఆ గడువులోగా ఎవరి వయసుకు తగిన పుస్తకాలు వారు చదువుతామని ముందే ఒప్పుకొని, చదివినవాటిని ఒకేచోట రాసుకునే పద్ధతికి రీడింగ్ ఛాలెంజ్ అన్న పేరు స్థిరపడింది. పుస్తకాల పందెం అన్నా సరిపోతుంది. దీనికి బాగా తెలిసిన నమూనా బ్రిటన్‌లోని గ్రంథాలయాలు 1999 నుంచి ఏటా నడుపుతున్న వేసవి పఠన కార్యక్రమం. నాలుగు నుంచి పదకొండేళ్ల వరకు వయసున్న పిల్లలు సెలవుల్లో తమకు నచ్చిన 6 పుస్తకాలు గ్రంథాలయం నుంచి తెచ్చుకొని చదవడం అందులోని నియమం. అమెరికాలో పిల్లలు బడిలో చేరేలోగా 1000 పుస్తకాలు వినిపించాలన్న మరో కార్యక్రమం ఉంది. ఒకే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివి వినిపించినా ప్రతిసారీ లెక్కలోకి వస్తుంది. ఈ రెండింటిలోనూ పందెం పిల్లలది, పర్యవేక్షణ పెద్దలది. తెలుగు ఇళ్లకు ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడాలంటే మార్పు జరగవలసింది సరిగ్గా ఇక్కడే: పెద్దలు కూడా పందెంలో దిగాలి, తాము చదివిన పుస్తకాల పేర్లను పిల్లల పుస్తకాల పక్కనే, అదే పట్టికలో రాయాలి.

తెలుగు పిల్లల్లో అత్యధికులకు చేతికందే మొదటి పుస్తకం పాఠ్యపుస్తకం, రెండోది ఆ పాఠాలకే రాసిన గైడు కావడం వల్ల, చదవడమన్నది ఎవరో పెట్టే పరీక్ష కోసం చేసే పనిగా వారి మనసులో నాటుకుపోతుంది. అటువంటి పిల్లల ముందు పెద్దలు ఫోను చూస్తూ కూర్చొని పుస్తకం తియ్యమని చెబితే ఆ మాట ఇంకొక హోంవర్కులాగే వినిపిస్తుంది తప్ప, చదువులో సుఖముందని వారు నమ్మడానికి ఏ ఆధారమూ దొరకదు. పెద్దలు తమ కోసం తాము చదువుకోవడం పిల్లల కంటపడటమే ఆ ఆధారం.

పిల్లలూ పెద్దలూ కలిసి చదవడం తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ప్రారంభించిన ‘చందమామ’ పిల్లల పత్రికగా పుట్టినా, ఇంటికి వచ్చిన సంచిక పిల్లల చేతికి ఎంత త్వరగా చేరేదో పెద్దల చేతికీ అంతే త్వరగా చేరేది. 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక సంపాదకత్వపు బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావే మరోవైపు ‘చదువు’ వంటి నవలలు, పదునైన సాహిత్య వ్యాసాలు పెద్దల కోసం రాశారు. పిల్లలకు ఒక నాసిరకం భాష, పెద్దలకు ఒక గంభీరమైన భాష అన్న తేడా ఆయన వాక్యంలో కనిపించదు. రెండు చోట్లా ఒకే తేట తెలుగు. పిల్లల పుస్తకాన్నీ పెద్దల పుస్తకాన్నీ ఒకే పట్టికలో చేర్చడానికి ఇంతకంటే బలమైన సమర్థన వెతకనక్కరలేదు.

పందెం అన్నాక లెక్క ఉండాలి, కాని చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. పుస్తకాలను లెక్కిస్తే పదహారు పేజీల బొమ్మల పుస్తకాలు చదివే పాప వారంలోనే అందరినీ దాటిపోతుంది, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ పట్టుకున్న తాతగారు వేసవి అంతా సున్నా దగ్గరే ఉండిపోతారు. పేజీలను లెక్కిస్తే ఆ తాతగారి ముందు ఇంకెవరూ నిలవరు, పైగా అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్న పిల్లవాడి శ్రమకు విలువే లేకుండా పోతుంది. అందువల్ల కూర్చుని చదివిన పూటను కొలతగా తీసుకోవడం మేలు: ఎవరైనా సరే, ఫోను పక్కన పెట్టి, ఇరవై నిమిషాలకు తక్కువ కాకుండా ఒక పుస్తకంతో గడిపితే అది ఒక పూట. పాప చదివిన బొమ్మల పుస్తకమూ, అమ్మ చదివిన నవలలోని ఒక అధ్యాయమూ, అమ్మమ్మ వల్లెవేసుకున్న భాగవత పద్యాలూ అప్పుడు సమానమవుతాయి. ఇంట్లో వారి పూటలన్నీ కలిపి ఒక ఉమ్మడి లక్ష్యం పెట్టుకుంటే, అక్క తమ్ముణ్ణి ఓడించాలని పేజీలు తిప్పేయడం మాని, తమ్ముడి పూట తప్పిపోకుండా తానే గుర్తుచేస్తుంది.

బహుమతుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని శిశుపాఠశాలలో జరిపి, 1973లో ప్రచురించిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. రంగుల పెన్నులతో బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టపడుతున్న పిల్లల్లో కొందరికి, బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బను ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఆ పెన్నులను మళ్లీ పిల్లల మధ్య పెట్టి చూస్తే, బహుమతి ఆశతో బొమ్మలు వేసినవారు వాటితో గడిపిన సమయం మిగిలిన రెండు జట్లవారు గడిపినదానిలో దాదాపు సగమే ఉంది. ఇష్టంగా చేసే పనికి ముందే కూలి మాట్లాడితే ఆ ఇష్టం కాస్తా కూలిపనిగా మారిపోతుందన్నది ఇందులో తేలిన విషయం. పుస్తకానికి ఇంత అని డబ్బో, చాక్లెట్లో, సెల్‌ఫోను చూసే సమయమో ఇస్తామన్న ఇళ్లలో పిల్లలు అన్నిటికంటే సన్నని పుస్తకాన్ని ఏరుకోవడం సహజమే. ఆ తప్పు పిల్లలది కాదు. గడువు ముగిశాక అందరూ కలిసి పుస్తకాల దుకాణానికి వెళ్లి, ఎవరికి నచ్చిన పుస్తకాన్ని వారు కొనుక్కోవడం వంటి సంబరం ఒకటి ఉంటే చాలు. విజయవాడలో ఏటా జనవరి తొలి రోజుల్లో జరిగే పుస్తక మహోత్సవానికి ఆ ప్రయాణాన్ని దాచి ఉంచుకునే వీలు కూడా ఉంది.

లెక్క కంటే, బహుమతి కంటే విలువైనది చదివినదాని గురించి జరిగే మాట. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో, బొమ్మల పుస్తకం చదివి వినిపించే తల్లిదండ్రులకు ఒక చిన్న శిక్షణ ఇచ్చారు: తాము ఏకబిగిన చదివేయకుండా మధ్యమధ్య ఆగి, అవునని కాదని తేలిపోని ప్రశ్నలు అడగడం, పిల్లలు చెప్పిన మాటను మరికాస్త పెంచి తిరిగి చెప్పడం, క్రమంగా కథ చెప్పే బాధ్యతను పిల్లలకే వదిలేయడం. మామూలుగా చదివి వినిపించిన ఇళ్లతో పోలిస్తే ఈ ఇళ్లలోని పిల్లల మాట్లాడే శక్తి మెరుగుపడిందని ఆ పరిశోధన చూపింది. దీన్ని సంభాషణాత్మక పఠనం అంటారు.

‘చందమామ’ బేతాళ కథను ఇందుకు వాడుకుంటే పని ఎంత తేలికవుతుందో చూడవచ్చు. శవంలోని బేతాళుడు దారిపొడుగునా కథ చెప్పి, అందులోని ఒక ధర్మసంకటాన్ని ప్రశ్నగా మార్చి విక్రమార్కుడి ముందు పెడతాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చదివేవారు సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర ఆగి, పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, వింటున్న వారందరినీ వరసగా అడగాలి. ఏడేళ్ల పిల్ల ఒక జవాబు చెబుతుంది, నాన్న ఇంకొకటి, నాయనమ్మ ఆ రెండూ కాదని మూడోది. ఆ తర్వాతే పుస్తకం తెరిచి విక్రమార్కుడి తీర్పు చదవాలి. రాజు తీర్పు కంటే పిల్ల చెప్పిన కారణమే న్యాయంగా తోచే సందర్భాలు ఉంటాయి, ఆ మాటను పెద్దలు నోరారా ఒప్పుకోవాలి. పట్టికలో ఆ రోజు పుస్తకం పేరుకు ఎదురుగా రాయవలసింది ఈ జవాబులనే. మార్కులు కాదు, సారాంశం అసలే కాదు.

పుస్తకాల ఎంపికలో జంటలు కట్టడం అన్న ఒక్క ఉపాయం చాలా దూరం తీసుకుపోతుంది. ఒకే విషయం మీద పిల్లల కోసం ఒకటి, పెద్దల కోసం ఒకటి ఏకకాలంలో ఇంట్లో నడవడం జంట కట్టడమంటే. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన ‘తొత్తోచాన్’ తెలుగులో ‘రైలుబడి’గా దొరుకుతుంది. అందులో ఒక బడి వద్దని పంపేసిన చిన్నపిల్లను రైలు పెట్టెలే తరగతి గదులైన మరో బడి అక్కున చేర్చుకుంటుంది, అక్కడి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటి రోజే ఆమె మాటలను నాలుగు గంటలపాటు విసుగులేకుండా వింటాడు. పదేళ్ల పిల్లలు దీన్ని చదువుతున్న రోజుల్లో తల్లిదండ్రులు కుటుంబరావు ‘చదువు’ను చేతిలోకి తీసుకుంటే, స్వాతంత్ర్యానికి ముందటి తెలుగు కుర్రవాడికి బడి ఏమి ఇచ్చిందో, ఏమి ఇవ్వలేకపోయిందో వారికి తెలుస్తుంది, భోజనాల దగ్గర రెండు బడులూ ఎదురుబొదురుగా నిలబడతాయి, ఇప్పటి బడి సంగతి పిల్లలు తమంతట తామే ఎత్తుతారు. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’కు సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కథలు’ చక్కని తోడు. నెల్లూరు జిల్లాలోని ఒక ముస్లిం కుటుంబపు పిల్లవాడి లోకాన్ని చూపే మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, సత్యం శంకరమంచి నూరు ‘అమరావతి కథలు’ అయితే పిల్లలకు చదివి వినిపించడానికీ పెద్దలు తమకు తాము చదువుకోవడానికీ ఒకేలా పనికివస్తాయి; అమరావతి కథలు ఒక్కొక్కటీ కొద్ది పేజీలే కనుక ఒక పూటకు ఒక కథ చొప్పున సరిగ్గా సరిపోతాయి.

తెలుగు చదవడమే కష్టంగా ఉన్న పిల్లల సంగతి వేరుగా ఆలోచించాలి. దేశంలోని గ్రామీణ ప్రాంతాల పిల్లల చదువును పరిశీలించే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం, అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 42.8 శాతమే. తెలుగులో అక్షరాలు నేర్వడంతో పని పూర్తికాదు, గుణింతాలు, ఒత్తులు కలిసి ఒక్కో మాటను చిన్న కళ్లకు ముడిగా మారుస్తాయి. ‘స్వాతంత్ర్యం’ అన్న మాట దగ్గర పిల్లవాడు ‘స్వా’ అని, ‘తం’ అని ఆగిపోతే, పక్కన కూర్చున్నవారు ఆ మాటను తాము పలికి, వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదివించి ముందుకు సాగాలి. అక్కడే ఆపి పదిసార్లు పలికిస్తే కథ చచ్చిపోతుంది. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో పుస్తకాలను నాలుగు స్థాయిలుగా విడదీసి ఉచితంగా ఉంచారు, వాటిలో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి; మొదటి స్థాయిలో పేజీకి కొద్ది వాక్యాలే ఉంటాయి. తెలుగు మాట్లాడినా ఇంగ్లీషులోనే వేగంగా చదివే విదేశాల్లోని తెలుగు పిల్లలకు విన్న పుస్తకాన్ని కూడా చదివిన పుస్తకంగానే లెక్కించడం న్యాయం. ఊళ్లో ఉన్న అమ్మమ్మ వారానికి రెండు పూటలు వీడియో కాల్‌లో కథ చదివితే ఆ పూట ఇద్దరి ఖాతాలోనూ పడుతుంది.

పుస్తకాలన్నీ కొననక్కరలేదు, గ్రంథాలయాలు ఉన్నాయి. తెలుగునాట గ్రంథాలయోద్యమం సాగిన రోజుల్లో, 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపి ఒడ్డున ఉన్న ఊళ్లకు పుస్తకాలు చేర్చారు. 1918లో వెలిసిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ప్రజల చందాలతో నిలిచాయి. ఆ ఉద్యమం ఫలితంగానే వచ్చిందనదగిన 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఆస్తి పన్ను కట్టే ప్రతివారూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతూనే ఉన్నారు. తమ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో కుటుంబమంతా సభ్యత్వం తీసుకొని, పిల్లల విభాగంలో కొత్త పుస్తకాలు కావాలని గ్రంథపాలకుణ్ణి అడగడం హక్కే. అడిగేవారు లేకపోవడం వల్ల కూడా అనేకచోట్ల ఆ అరలు పాతబడిపోయాయి. చవక ధరలకు పిల్లల పుస్తకాలు ప్రచురించే మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థల జాబితాలు చూస్తే కొనదగినవీ చాలానే కనిపిస్తాయి.

ఒక నియమాన్ని మాత్రం మొదటి రోజే పట్టిక పైన రాసుకోవడం మంచిది: నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేసే హక్కు అందరికీ సమానం. ఫ్రెంచి రచయిత డానియెల్ పెనాక్ 1992లో చదువరికి ఉండవలసిన పది హక్కులను పేర్కొంటూ పూర్తి చేయకపోవడాన్ని కూడా వాటిలో చేర్చారు. వదిలేసిన పుస్తకం పేరు, ఎన్నో పేజీలో వదిలేశారో, ఎందుకో రాస్తే చాలు, ఆ పూటలూ లెక్కలోనే ఉంటాయి. జూన్ రెండో వారంలో బడులు తెరిచాక రోజుకొక పూట సాగదు కనుక, ఆదివారం ఉదయం ఒక పూట, మధ్యలో వీలైన మరో పూట చొప్పున పట్టికను దసరా సెలవుల దాకా కొనసాగించి, అప్పుడు జంటలను కొత్తగా కట్టుకోవచ్చు. ఈసారి పెద్దలు ఏమి చదవాలో పిల్లలు ఎంచుతారు.