తాతయ్య ఊరెళ్లాడని చెప్పొద్దు

ఇంట్లో ఎవరైనా పోతే ముందుగా పిల్లల్ని పక్కింటికి పంపేస్తాం. తిరిగొచ్చి అడిగితే ‘తాతయ్య ఊరెళ్లాడు’, ‘నిద్రపోయాడు’, ‘దేవుడు తీసుకెళ్లాడు’ అంటాం. వాళ్లు బాధపడకూడదనే మన తాపత్రయం. కానీ 5 ఏళ్ల లోపు పిల్లలు విన్నది విన్నట్టే నమ్ముతారు. ఊరెళ్లిన తాతయ్య కోసం గుమ్మం వైపు చూస్తుంటారు. పడుకుంటే తామూ లేవమేమోనని భయపడతారు. దేవుడు అమ్మనీ తీసుకెళ్తాడేమోనని కొంగు వదలరు. కాస్త పెద్దపిల్లలైతే ‘నేను అల్లరి చేసినందుకే ఇలా అయింది’ అని లోలోపలే కుమిలిపోతారు. చెప్పుకోలేని ఆ బాధ కడుపునొప్పిగానో, పక్క తడపడంగానో, బడికి వెళ్లనని మొండికేయడంగానో బయటపడొచ్చు.

కాబట్టి సూటిగానే చెప్పండి. ‘తాతయ్య చనిపోయాడు. ఆయన శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక తిరిగి రాడు. ఇందులో నీ తప్పేం లేదు.’

అయితే దుఃఖంలో ఉన్న మనకు ఈ మాటలు నోట రావడమే కష్టం. అప్పుడు బొమ్మల పుస్తకం అక్కరకొస్తుంది. కథ వేరెవరిదో కాబట్టి పిల్లలు జంకు లేకుండా ప్రశ్నలడుగుతారు. సుసాన్ వార్లీ 1984లో తెచ్చిన ‘బ్యాడ్జర్స్ పార్టింగ్ గిఫ్ట్స్’లో బ్యాడ్జర్ అనే ముసలి జంతువు చనిపోతుంది. నేస్తాలు చలికాలమంతా దిగులుపడి, వసంతం వచ్చాక అది తమకేం నేర్పిందో చెప్పుకుంటాయి. జూడిత్ వియోర్స్ట్ 1971లో రాసిన ‘ది టెన్త్ గుడ్ థింగ్ అబౌట్ బార్నీ’లో పెంపుడు పిల్లి పోతే, దాని గురించి 10 మంచి విషయాలు ఆలోచించమంటుంది అమ్మ. పిల్లాడికి 9 మాత్రమే తడతాయి. మన దేశంలో తూలిక ప్రచురించిన చతురా రావు ‘గాన్ గ్రాండ్‌మదర్’ కూడా ఇలాంటిదే. ఇంగ్లిష్ పుస్తకమైనా ఫర్వాలేదు, బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పండి.

ముందు మీరొకసారి చదువుకోండి. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వద్దంటే బలవంతం చేయకండి. పదేపదే అడిగితే విసుక్కోకండి, పిల్లలు అలాగే విషయాన్ని జీర్ణించుకుంటారు. మధ్యలో మీకు కన్నీళ్లొస్తే దాచుకోనక్కర్లేదు. ఏడవడం తప్పు కాదని వాళ్లకూ తెలుస్తుంది.

పుస్తకం దొరకలేదా? ఓ నోటుబుక్కులో తాతయ్య ఫొటోలు అతికించండి. ఆయనతో కలిసి చేసిన పనుల్ని పిల్లల చేత బొమ్మలు గీయించండి. పెద్దకర్మ రోజున ఏం జరుగుతుందో ముందే చెప్పి, ఉంటారో లేదో వాళ్లనే అడగండి.

ఏడుస్తున్న పిల్లలు కాసేపటికే ఆటల్లో పడటం మామూలే. ‘వీడికి బాధే లేదు’ అనకండి. కానీ వారాలు గడిచినా తిండి, నిద్ర, చదువు గాడిన పడకపోతే డాక్టర్‌కు చూపించండి. ‘నేనూ తాతయ్య దగ్గరికి వెళ్లిపోతా’ అంటుంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.