సెట్టు నుండి శిల దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ప్రజలకు కొండగట్టు అంజన్న, వేములవాడ రాజన్న ఇంటి వేలుపుల వంటివారు. 2023 ఫిబ్రవరిలో నాటి తెలంగాణ ప్రభుత్వం కొండగట్టు ఆలయాభివృద్ధి ప్రణాళికను రూపొందించే బాధ్యతను ఆనంద్‌సాయికి అప్పగించింది. సినిమాలకు సెట్లు వేసిన వ్యక్తికి గుడి కట్టే పని ఎలా చేతనవుతుందని ఎవరికైనా సందేహం కలగవచ్చు. దానికి సమాధానం యాదగిరిగుట్టలో దొరుకుతుంది.

ఆనంద్‌సాయి 'తొలిప్రేమ' (1998), 'యమదొంగ' (2007) మొదలైన చిత్రాలకు కళాదర్శకుడు. సెట్టు కొయ్య చట్రంతో, ప్లైవుడ్డుతో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నిలిపిన మాయ. కెమెరా చూసే వైపే దానికి ముఖం. వెనుకకు వెళితే వాసాలు, మేకులు. చిత్రీకరణ ముగియగానే దానిని విప్పివేస్తారు. అయినా అందులో ఒక విద్య ఉన్నది. లేని కట్టడాన్ని ముందుగా మనోనేత్రంతో చూడాలి. ఏ అంచుపై వెలుగు పడుతుందో, ఏ మూలలో నీడ నిలుస్తుందో ఎరిగి ఉండాలి. శిల్పికి కావలసిన చూపు కూడా ఇదే.

ఇటువంటి మలుపు మన దేశంలో కొత్త కాదు. చిత్రకారుడు, శిల్పి అయిన సతీశ్ గుజ్రాల్ వాస్తువిద్యను ఏ కళాశాలలోనూ అభ్యసించకుండానే ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయానికి రూపకల్పన చేశాడు. ఇటుకలతో కట్టిన ఆ భవనం మట్టిముద్దను చేతులతో మలచినట్లు కనిపిస్తుంది.

అయితే యాదగిరిగుట్టలో పని మరింత కఠినమైనది. 2016లో మొదలైన ఆలయ పునర్నిర్మాణానికి ఆనంద్‌సాయి ప్రధాన రూపశిల్పి. ప్రకాశం జిల్లా నుండి తెచ్చిన కృష్ణశిలతో ప్రధానాలయాన్ని నిర్మించారు. రాళ్ళను అతకడానికి సిమెంటుకు బదులు సున్నపు మిశ్రమాన్ని వాడారు. స్తంభాలు కాకతీయ శైలిని తలపిస్తాయి. ముఖమండపంలో ఆళ్వారుల విగ్రహాలు స్తంభాలలో భాగమై నిలిచాయి. అక్కడ శిల్పం గోడకు తగిలించిన అలంకారం కాదు, బరువును మోసే అంగం. స్వామి వెలసిన గుహను మాత్రం మార్చలేదు. కొత్త కట్టడమంతా దాని చుట్టూ అమరింది. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ జరిగింది.

ఈ ఘనతను ఒక్కరికే కట్టబెట్టడం న్యాయం కాదు. ఏ మూర్తి ఎక్కడ ఉండాలో, దాని ప్రమాణం ఎంతో ఆగమ, శిల్పశాస్త్రాలు నిర్ణయిస్తాయి. ఆ శాస్త్రం తెలిసిన ప్రధాన స్థపతి ఆనందాచారి వేలు, ఉలి పట్టిన వందలాది శిల్పులు లేకపోతే గీసిన బొమ్మ కాగితంమీదనే ఉండిపోయేది. వేములవాడలో చాళుక్యుల నాటి భీమేశ్వరాలయాన్ని చూసేవారికి రాజుల పేర్లే వినిపిస్తాయి. చెక్కినవారి పేర్లు వినిపించవు.

సెట్టులో పొరపాటు జరిగితే అది సెట్టుతోనే పోతుంది. శిలలో అలా కాదు. 2019లో యాదగిరిగుట్ట ప్రాకార స్తంభాలపై నాటి ముఖ్యమంత్రి రూపం, ప్రభుత్వ పథకాల చిహ్నాలు కనిపించగా తీవ్ర విమర్శలు చెలరేగాయి. చివరకు వాటిని తొలగించవలసి వచ్చింది.

కొండగట్టు సమస్య వేరు. హనుమజ్జయంతికి మాలధారులైన భక్తులు వేలాదిగా కొండ ఎక్కుతారు. వారికి చోటు కావాలి. కానీ బండలు, చెట్లు కలిసి ఆ గట్టుకు ఇచ్చిన రూపం కూడా శిల్పమే. అక్కడ రూపశిల్పి తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఏమి కట్టాలన్నది కాదు, దేనిని ముట్టుకోకుండా విడిచిపెట్టాలన్నది.