ఇంజను దించేటప్పుడు విమానము ఒరగకుండుట ఎట్లా?

మొయినాబాదు నుండి చేవెళ్ళకు పోయే మర్రిచెట్ల దారిలో, కూరగాయలు దించడానికి నిలిచిన రెండు చక్రాల ట్రాక్టరు ట్రాలీలు కనిపిస్తూ ఉంటవి. ట్రాక్టరు నుండి ట్రాలీని విడదీసే ముందు డ్రైవరు ఒకసారి వెనుకకు తిరిగి, సరుకు ఎక్కడ ఉన్నదో చూస్తాడు. సరుకు ముందుభాగంలో ఉంటే ట్రాలీ కొక్కెము నేలకు దిగుతుంది. వెనుకభాగంలో ఉంటే అదే కొక్కెము పైకి లేస్తుంది; దగ్గర నిలిచినవాని గడ్డానికి తగిలినా తగులుతుంది. ఎడ్లబండితోనూ ఇదే తంటా. కాడి విప్పేముందు నొగ కింద ఊతకర్ర పెట్టవలెనని, వెనుక బరువు హెచ్చుగా ఉంటే బండి వెనుక కూడ ఒక ఆధారము కావలెనని మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ముందు ఒక చిన్న చక్రము, వెనుక రెండు పెద్ద చక్రాలు గల చిన్న విమానము కూడ ఒక విధమైన ట్రాలీయే. ఔత్సాహికులు తమ షెడ్డులలో స్వయముగా కూర్చుకొన్న విమానములు విదేశాలలో వేల సంఖ్యలో ఉన్నవి. మన దేశంలో తక్కువ. ముంబాయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ తమ భవనపు పైకప్పు మీద ఆరు సీట్ల విమానాన్ని నిర్మించి, 2016లో ప్రజలకు ప్రదర్శించి, 2017లో దానికి రిజిస్ట్రేషను పొందినారు. బెంగుళూరులో రాజ్ హంస సంస్థవారు ఎక్స్-ఎయిర్ అనే తేలికపాటి విమానములు తయారుచేసినారు. క్రిస్ హైంజ్ రూపొందించిన సి.హెచ్. 701 అనే మరొక తేలిక విమానము విడిభాగములుగా కొని కూర్చుకొనదగినది, మన ఎన్.సి.సి. వైమానిక విభాగంలో కేడెట్లు ఎక్కిన మైక్రోలైటు విమానములలో అదీ ఒకటి. ఇటువంటి వాటి ఇంజనును ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతుకు దించక తప్పదు. ప్రమాదము పొంచి ఉండేది అప్పుడే.

విషయము అంకెలతో చూస్తే సులభముగా బోధపడుతుంది. ఖాళీ విమానము బరువు 280 కిలోలనుకొందాము. పెద్ద చక్రాల ఇరుసు నుండి ముక్కు చక్రము 1.4 మీటర్ల ముందున్నది. నేల మీద నిలిచినప్పుడు ముక్కు చక్రము కింద తూకపు యంత్రము పెడితే 50 కిలోలు చూపింది. బరువును కిలోలలోను, ఇరుసు నుండి దూరమును మీటర్లలోను తీసుకొని గుణించగా వచ్చేది భ్రామకము, అనగా త్రిప్పగల శక్తి. 50ని 1.4తో గుణిస్తే 70. విమానమును ముక్కు వైపు అణచి ఉంచుతున్నది ఈ 70 మాత్రమే. 70ని 280తో భాగిస్తే గరిమనాభి ఇరుసుకు 25 సెంటీమీటర్ల ముందు ఉన్నదని తేలుతుంది. పన్నెండు అడుగుల పైబడి పొడవున్న వస్తువు ఒక జానెడు తేడా మీద నిలిచి ఉన్నదన్నమాట.

ఇక ఇంజను, పంకా కలిసి 70 కిలోలు, ఇరుసుకు 1.5 మీటర్ల ముందు. వాటి భ్రామకము 105. ఉన్నదే 70, అందులో నుండి 105 తీసివేస్తున్నాము! మిగిలేది వెనుక వైపు 35. గరిమనాభి ఇరుసును దాటి సుమారు 17 సెంటీమీటర్లు వెనుకకు పోతుంది. విమానము తోక మీద కూర్చుంటుంది.

ఇంతవరకు చాలామంది ఊహించగలరు. అయితే ఇంజను పూర్తిగా బయటికి వచ్చిన క్షణములోనే ఇది జరుగుతుందని అనుకోవడము సరికాదు. పై నుండి చైను కప్పీ తగిలించి గొలుసు లాగడము మొదలుపెట్టగానే కథ ప్రారంభమవుతుంది. గొలుసు ఎంత బరువు మోస్తే ముక్కు మీద అంత బరువు తగ్గినట్లే. బోల్టులు ఇంకా బిగించే ఉన్నా సరే. 70ని 1.5తో భాగించండి: 47 కిలోలకు కొంచెము తక్కువ. గొలుసు ఆ మాత్రము లాగేసరికి ముక్కు చక్రము నేలను వదిలి లేస్తుంది. ఇంకా లాగితే గొలుసులో బరువు పెరగదు. ఇంజనుతోపాటు ముక్కు కూడ పైకి పోతుంది, తోక మెల్లగా కిందికి దిగుతుంది. అనగా ఇంజను బరువు 70లో 47 కిలోలు గొలుసు మీద, తక్కిన 23 కిలోలు ఇంకా బోల్టుల మీదనే!

ఈ స్థితిలో పానా పట్టిన మనిషికి నట్టు ఊడుతుంది గాని బోల్టు రాదు. బరువు దానిని రంధ్రములో ఒక పక్కకు నొక్కి పట్టింది. తుప్పు పట్టిందేమో అని సుత్తి అందుకొంటాడు. చివరి బోల్టు దెబ్బకు జారగానే ముక్కు ఒక్క ఉదుటున లేస్తుంది, తోక నేలకు కొట్టుకొంటుంది. అప్పటివరకు ఇంజనుకు, చట్రానికి మధ్య ఉన్న చేతివ్రేళ్ళ మాట చెప్పనక్కరలేదు. తోక కింద ఎవరైనా కూర్చుంటే సరేసరి. పైకి కనిపించని నష్టము మరొకటి: తోకలోని సన్నని పక్కటెముక వంగి, రంగు చెదరకుండా అట్లాగే ఉండిపోవచ్చు. అది బయటపడేది ఆకాశంలోనైతే ఎవరేమి చేయగలరు?

కనుక ఆధారము పెట్టవలసినది ఇంజను దించిన తరువాత కాదు, గొలుసు బిగియక ముందే. సులభముగా రాని బోల్టును కొట్టే ముందు గొలుసులో బరువెంత ఉన్నదో చూడవలెను. కప్పీకి, ఇంజనుకు మధ్య ఒక స్ప్రింగు త్రాసు తగిలిస్తే ఊహించే పనే ఉండదు.

ఎంత ఆధారము కావలెను? తోక చివర, ఇరుసుకు 3.5 మీటర్ల వెనుక, ఊత పెడితే అది మోయవలసినది 35ని 3.5తో భాగించగా 10 కిలోలే. మనము చెప్పుకొన్న దారిలోని మర్రిచెట్లను చూడండి. పొడవుగా సాగిన కొమ్మకు మొదలు దగ్గర ఎంత ఊతము కావలెనో, దూరాన దిగిన ఒక ఊడ అంతకంటె తక్కువ బరువుతోనే ఆ పని చేస్తుంది. దూరము బరువుకు బదులు పనిచేస్తుంది.

తోక ఊతకు బదులు ముక్కు చక్రపు కాలికి ఇసుక సంచులు కట్టవచ్చును. 25 కిలోలతో లెక్క సరితూగుతుంది, 40 కట్టితే నిశ్చింత అనిపిస్తుంది. నిజానికి నిశ్చింత లేదు. మిగులు భ్రామకము 21 మాత్రమే; ఎవరైనా తోక మీద ఆరు కిలోల బరువుతో చేయి ఆనించినా ముక్కు లేస్తుంది. ఊత ఒక్కటే ఉన్నా చిక్కే. తోకను పొరపాటున ఎత్తితే ఊత పడిపోతుంది, వదలగానే తోకా పడుతుంది. రెండూ ఉంటే ముక్కు చక్రము నేలను అంటి ఉంటుంది, ఊత కావలిగా నిలుస్తుంది. నా మట్టుకు రెండూ లేకుండా కప్పీ గొలుసును ముట్టుకోను.

ఊత ఎక్కడ తగలవలెననేది బలమునకు సంబంధించిన ప్రశ్న కాదు, పీడనమునకు సంబంధించిన ప్రశ్న. ఈ విమానముల రేకు మందము అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. పది కిలోలైనా ఒక కర్ర మొన మీద పడితే రేకు సొట్టపోతుంది. లోపల అడ్డుచట్రము ఉన్నచోటనే, మెత్తని దిండు వేసి ఆనించవలెను; తోకను నేలకు కట్టే కడియము ఉంటే అది మరీ మంచిది. ఇటుకలు పేర్చడము కంటె మూడు కాళ్ళ పీట నయము, మూడు కాళ్ళు ఎగుడుదిగుడు నేల మీద కూడ కదలవు. వాన వెలిసిన నల్లరేగడి మీదనైతే కాళ్ళ కింద పలక వేయక తప్పదు. చక్రాలకు ముందు వెనుక అడ్డు దిమ్మలు, ఇంధనము ముందే తీసివేయడము ఎట్లాగూ ఉన్నవే.

గాలి సంగతి మరువరాదు. సి.హెచ్. 701 రెక్కల వైశాల్యము సుమారు 11 చదరపు మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల ఈదురుగాలి ఎదురుగా వీచి, ముక్కు కొంచెము ఎత్తి ఉంటే, రెక్కలు 80 కిలోల దాకా పైకి లాగగలవు. వేసవి సాయంత్రము చేవెళ్ళ మైదానంలో అటువంటి గాలి వింతేమీ కాదు. పని షెడ్డులోనే జరగవలెను, లేదా రెక్కలను నేలకు కట్టవలెను.

పెద్ద విమానములకు కూడ ఈ బెడద ఉన్నది. వెనుక తలుపు నుండి ప్రయాణికులు ఎక్కే ఏ.టీ.ఆర్. 72 నిలిచినప్పుడు తోక కింద ఒక ఊతకర్ర పెడతారు. రష్యా దేశపు ఇల్యూషిన్ 62కు నాలుగు ఇంజన్లూ తోక దగ్గరే కావున, నేల మీద దించుకొనడానికి తోకలో ఒక చిన్న చక్రపు కాలే అమర్చినారు. బర్ట్ రూటన్ గీసిన లాంగ్-ఈజీకి ఇంజను వెనుక ఉంటుంది. పైలటు దిగితే అది వెనుకకు పడుతుంది గనుక ముక్కు చక్రము ముడిచి, మోకరిల్లినట్లు ముక్కును నేలకు ఆనించి నిలుపుతారు. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు 1987లో ఎగురవేసిన తేలిక విమానానికి ఈ నమూనాయే ఆధారము. దాని ఇంజను దించితే మన లెక్క తలక్రిందులవుతుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. 100 గ్రాముల మీటరు స్కేలును 20, 45 సెంటీమీటర్ల గుర్తుల కింద రెండు చెక్క ముక్కల మీద నిలపండి. ఒకటి ముక్కు చక్రము, రెండవది ఇరుసు. 10వ గుర్తు వద్ద 50 గ్రాముల తూకపురాయి కట్టండి; అదే ఇంజను. ఆ రాయిని స్ప్రింగు త్రాసుతో మెల్లగా పైకి లాగితే, సుమారు 36 గ్రాముల దగ్గర స్కేలు ముందు చెక్కను వదిలి లేస్తుంది, త్రాసు అంతకు మించి చూపదు. ఇప్పుడు స్కేలును మళ్ళీ దించి, 95వ గుర్తు కింద సరిగా ఆనేటట్లు మూడవ చెక్క పెట్టి మరల లాగండి. త్రాసు 50కి వస్తుంది, కట్టిన దారము వదులవుతుంది. అప్పుడు మూడవ చెక్క మీద పడే బరువు 10 గ్రాములే. తోక చివర చక్రము గల విమానమైతే ఏమవుతుందో, స్కేలును ఎక్కడ నిలిపి చూడవలెనో విద్యార్థులనే నిర్ణయించమనండి.